సముద్రంలో రేడియోధార్మికత: లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

సముద్రంలోకి రేడియోధార్మిక నీళ్లు వదిలారని వార్త వచ్చిన ప్రతిసారీ జనం రెండుగా చీలిపోతారు. సముద్రం పని అయిపోయింది, ఇక చేప ముట్టకూడదు అని ఒక వర్గం. అంత పెద్ద సముద్రంలో అదెంత, ఊరికే గోల చేస్తున్నారు అని ఇంకో వర్గం. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పటి నుంచి ఈ గొడవ వింటూనే ఉన్నాను. రెండు వర్గాల వాళ్లూ ఒకరినొకరు తిట్టుకుంటారు కానీ ఇద్దరూ చేసేది ఒకటే, కొలవకుండా తీర్పు చెప్పేయడం. ఏ పదార్థం, ఎంత, ఎక్కడ, ఎవరు కొలిచారు, ముందు ఎంత ఉండేది అని అడిగేవాళ్లు తక్కువ. నా పట్టుదల అంతా ఆ ప్రశ్నల మీదే. ముఖ్యంగా "ఎవరు కొలిచారు" అన్నదాని మీద. పైపు ఎవరిదో కొలత కూడా వాళ్లదే అయితే ఆ సముద్రం గురించి మనకు తెలిసింది చాలా తక్కువ.

అసలు సముద్రంలో రేడియోధార్మికత లేని రోజంటూ లేదు. మామూలు సముద్రపు నీరు ఒక లీటరు తీసుకుంటే అందులో పొటాషియం-40 ఒక్కటే దాదాపు 12 బెకెరెల్ ఉంటుంది. అంటే ఆ లీటరులో ప్రతి సెకనుకూ పన్నెండు పొటాషియం పరమాణువులు విచ్ఛిన్నమవుతూ ఉంటాయి. లీటరుకు 3 మైక్రోగ్రాములకు పైగా యురేనియం కరిగి ఉంటుంది. చేపల్లో, రొయ్యల్లో, గవ్వల్లో పొలోనియం-210 చేరుతుంది. సముద్రపు ఆహారం తినేవాళ్ల ఒంటికి తగిలే మోతాదులో పెద్ద భాగం ఈ సహజమైన పొలోనియందే. ఇదంతా మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నదే. కాబట్టి "సముద్రంలో రేడియోధార్మికత కనిపించింది" అనే వార్తకు దానంతట అది అర్థం లేదు.

1945 తర్వాత మనిషి తన వంతు కలిపాడు. అందులో అతి పెద్ద వాటా అణు విద్యుత్ కేంద్రాలది కాదు, గాలిలో పేల్చిన బాంబులది. 1980 దాకా సాగిన ఆ పరీక్షల దుమ్ము వానతో పాటు సముద్రాల మీద పడింది. ఫుకుషిమాకు ముందు జపాన్ తీరంలో ఘనపు మీటరు నీటికి 1 నుంచి 2 బెకెరెల్ సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉండేది. అది ఆ బాంబుల మిగులే. ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు. అదే వెయ్యి లీటర్లలో సహజ పొటాషియం 12 వేల బెకెరెల్. ఈ రెండు అంకెలూ మనసులో పెట్టుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి కేంద్రం దెబ్బతింది. ఏప్రిల్ మొదటి వారంలో ఫుకుషిమా దాయీచి కేంద్రం కాలువ దగ్గర సీజియం-137 ఘనపు మీటరుకు 6 కోట్ల బెకెరెల్ దాటింది. అమెరికాలో తాగునీటికి పెట్టిన పరిమితి 7,400. ముందు ఉన్నది 1 నుంచి 2. సముద్రంలోకి ప్రమాదవశాత్తూ ఇంత పెద్ద మొత్తం చేరడం అంతకు ముందెప్పుడూ జరగలేదు. ఆ రోజు "అదెంత" అన్నవాళ్లది తప్పు. కానీ అదే ఏడాది జూన్‌లో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన కెన్ బ్యూసెలర్ బృందం తీరానికి 30 కిలోమీటర్ల నుంచి 600 కిలోమీటర్ల దాకా ఓడలో తిరిగి నీళ్లు తీసి చూస్తే, సీజియం మామూలు కంటే 10 నుంచి 1000 రెట్లు ఎక్కువే ఉంది కానీ, సముద్ర జీవులకు దానివల్ల తగిలే మోతాదు సహజ రేడియోధార్మికత ఇచ్చే మోతాదు కంటే తక్కువగానే తేలింది. కాబట్టి "పసిఫిక్ చచ్చిపోయింది" అన్నవాళ్లదీ తప్పే. ఆ ఓడ వెళ్లకపోతే ఈ రెండు తప్పుల్లో దేన్నీ తేల్చే దారి ఉండేది కాదు.

కొలవడం అంటే రేడియేషన్ తగిలితే టక్కుమనే గైగర్ కౌంటర్ పట్టుకుని ఒడ్డున నిలబడడం అని చాలామంది అనుకుంటారు. అలాంటి వీడియోలు బోలెడు తిరిగాయి. సముద్రపు నీటి మీద గైగర్ కౌంటర్ పెడితే మహా అయితే ఇసుకలోని థోరియం, ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు టక్కు టక్కుమంటాయి. నీటిలో కలిసిన ఆ కొంచెం సీజియం దానికి చిక్కదు. అసలు పని ఎలా జరుగుతుందో కొంచెం దగ్గర నుంచి చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా దీని మీదే నిలబడింది.

ఓడ మీద నుంచి పొడవాటి గొట్టాల్లాంటి సీసాలను ఒక చట్రానికి గుండ్రంగా బిగించి కేబుల్‌తో కిందికి దించుతారు. రెండు మూతలూ తెరిచి ఉంచి దించి, కావలసిన లోతు రాగానే పైనుంచి ఆజ్ఞ ఇచ్చి ఒక్కో సీసా మూస్తారు. 200 మీటర్ల నీరు 200 మీటర్ల దగ్గరే బందీ అవుతుంది. పైకి తెచ్చాక 20 లీటర్ల డబ్బాల్లో నింపి, వడగట్టి, కొంచెం ఆమ్లం కలుపుతారు. లేకపోతే సీజియం డబ్బా గోడలకు అంటుకుంటుంది. ప్రయోగశాలలో ఆ నీటికి ముందుగా తెలిసిన పరిమాణంలో రేడియోధార్మికత లేని మామూలు సీజియం కలుపుతారు. చివరికి అందులో ఎంత తిరిగి దొరికిందో చూస్తే, దారిలో ఎంత పోయిందో తెలుస్తుంది. తర్వాత అమోనియం ఫాస్ఫోమాలిబ్డేట్ అనే పసుపుపచ్చని పొడి వేసి కలుపుతారు. ఉప్పు నీటిలో సోడియం, పొటాషియం గుట్టలుగా ఉన్నా ఆ పొడి సీజియాన్ని ఏరి పట్టుకుంటుంది. కదపకుండా వదిలేస్తే అడుగున పసుపు మడ్డి పేరుకుంటుంది. పైనున్న నీళ్లు తీసేసి మడ్డిని ఆరబెడితే 20 లీటర్ల సముద్రం చిన్న గొట్టంలో పట్టే పొడిగా మిగులుతుంది.

ఆ గొట్టం గామా కిరణాలను లెక్కించే జర్మేనియం డిటెక్టర్‌లోకి వెళుతుంది. డిటెక్టర్‌ను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తారు. చుట్టూ మందపాటి సీసపు గోడ ఉంటుంది. ఆ సీసం కూడా ఏది పడితే అది పనికిరాదు, గనిలోంచి కొత్తగా తీసిన సీసంలో రేడియోధార్మికమైన సీసం-210 ఉంటుంది. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 22 ఏళ్లు. అందుకే వందల ఏళ్ల కిందటి సీసం కోసం, పురాతన కాలంలో మునిగిన ఓడల్లోని సీసం కోసం వెతుకుతారు. ఉక్కుతోనూ ఇదే బాధ. 1945 తర్వాత చేసిన ఉక్కులో బాంబుల దుమ్ము ఆనవాళ్లు చేరాయి కాబట్టి అంతకు ముందు మునిగిన యుద్ధ ఓడల ఉక్కు వెలికితీసి వాడారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. మనం లోకానికి పూసిన మరకను కొలవడానికి ఆ మరక అంటని లోహం కోసం సముద్రం అడుగుకు వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. ఘనపు మీటరుకు 2 బెకెరెల్ ఉన్న నీటిలో 20 లీటర్లు తీస్తే అందులో సీజియం-137 మొత్తం 0.04 బెకెరెల్. అంటే 25 సెకన్లకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నమవుతుంది. అందులోనూ డిటెక్టర్‌కు చిక్కేవి నూటికి ఏ కొన్నో. సీజియం-137 గామా కిరణం శక్తి అయిన 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గీత కొద్దికొద్దిగా లేస్తుంది. రోజంతా, ఒక్కోసారి రోజుల తరబడి అలాగే వదిలేయాలి. ఎందుకంటే వంద లెక్కకు వస్తే దోషం పది, అంటే నూటికి పది. పదివేలు లెక్కకు వస్తే దోషం వంద, అంటే నూటికి ఒకటి. ఓపికను బట్టి నిజం బయటపడుతుంది, ఇది మాటవరసకు అనడం లేదు, గణితమే అంత.

"ఏమీ దొరకలేదు" అని నివేదికల్లో రాసే మాట వెనక ఉన్నది ఇదే. ఎంత నీరు తీశారు, ఎంతసేపు లెక్కించారు అన్నదాన్ని బట్టి ప్రతి కొలతకూ ఒక కనిష్ఠ హద్దు ఉంటుంది. అంతకన్నా తక్కువ ఉంటే ఆ కొలతకు కనబడదు. ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, విషయంలో తొందరగా చేసే పరీక్షకు లీటరుకు 10 బెకెరెల్ దాకా ఏమీ కనిపించకపోవచ్చు. అదే నీటిని విద్యుత్‌తో విడగొట్టి ట్రిటియాన్ని చిక్కబరిచి కొలిస్తే, లేదా గాలి తీసేసి లోహపు పాత్రలో నెలల తరబడి మూసిపెట్టి, ట్రిటియం మారగా పుట్టిన హీలియం-3ని కొలిస్తే, అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ ఉన్నా దొరుకుతుంది. ప్రమాద హెచ్చరికకు మొదటి పరీక్ష చాలు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ సముద్రం ఏమవుతోందో తెలియాలంటే రెండోదే కావాలి. "దొరకలేదు" అని రాసినచోట హద్దు ఎంతో పక్కనే రాయకపోతే ఆ నివేదికను నేను నమ్మను. మీరూ నమ్మకండి.

సీజియం ఒక్కటే చూసి సరిపెట్టుకోవడం ఇంకో జబ్బు. అది గామా కిరణం ఇస్తుంది కాబట్టి కొలవడం సులువు, అందుకే అంకెలు దానివే ఎక్కువ. స్ట్రాన్షియం-90 అలా కాదు. దానికి గామా లేదు, బీటా మాత్రమే. రసాయనికంగా విడదీసి, దాని నుంచి యిట్రియం-90 పుట్టేదాకా రెండు వారాలు ఆగి, ఆ యిట్రియాన్ని లెక్కించాలి. ఇంత శ్రమ ఉంది కాబట్టే ఆ అంకెలు తక్కువ. కానీ స్ట్రాన్షియం కాల్షియంలా ప్రవర్తించి ఎముకలో చేరుతుంది, సీజియం కండలో చేరి కొన్ని వారాల్లో, నెలల్లో బయటికి పోతుంది. ఎముకతో సహా తినే చిన్న చేపల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం.

సరిగ్గా కొలిస్తే ఎంత తెలుస్తుందో చూపడానికి సీజియంలోనే ఇంకో రకమైన సీజియం-134 కంటే మంచి ఉదాహరణ లేదు. బాంబు దుమ్ములో అది ఉండదు, రియాక్టర్‌లోనే పుడుతుంది. అర్ధాయువు రెండేళ్లు. ఫుకుషిమా నుంచి సీజియం-134, 137 దాదాపు సమానంగా బయటికొచ్చాయి. కాబట్టి 2011 తర్వాత పసిఫిక్‌లో సీజియం-134 కనిపించిందంటే అది ఫుకుషిమాదే, వేరే చర్చ అక్కర్లేదు. ప్రమాదం తర్వాత ఉత్తర అమెరికా తీరంలో పెద్ద భయం లేచింది. సునామీ అలల ఎత్తు చూపించే అమెరికా వాతావరణ సంస్థ పటాన్ని రేడియేషన్ పటమని తిప్పారు. ఎరుపు, ఊదా రంగుల్లో పసిఫిక్ అంతా మండుతున్నట్టు ఉంటుంది కదా, అదే. ఇప్పటికీ తిరుగుతోంది. అమెరికా ప్రభుత్వం తీరంలో కొలవడానికి పెద్దగా డబ్బు పెట్టలేదు. అప్పుడు బ్యూసెలర్ 2014లో మామూలు జనాన్నే పిలిచాడు. విరాళాలు పోగుచేసి, డబ్బా నింపి పంపితే మేం కొలుస్తాం అన్నాడు. కెనడాలో విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన జే కలెన్ కూడా ఇలాంటి పనే మొదలుపెట్టాడు. చాలాకాలం ఒడ్డున సీజియం-134 కనిపించలేదు. 2015 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియాలోని యుక్లూలెట్ రేవు దగ్గర తీసిన నీటిలో మొదటిసారి దొరికింది. ఘనపు మీటరుకు 1.4 బెకెరెల్ సీజియం-134, 5.8 బెకెరెల్ సీజియం-137. ఆ నీటిలో రోజుకు ఆరు గంటలు ఏడాది పొడవునా ఈదినా తగిలేది ఒక పంటి ఎక్స్‌రేలో వెయ్యో వంతు కంటే తక్కువ.

ఆ ఫలితం వచ్చినప్పుడు భయం వర్గం "చూశారా, వచ్చేసింది" అంది. ధీమా వర్గం "చూశారా, ఏమీ లేదు" అంది. నాకు మాత్రం అందులో కనిపించింది వేరు. ఒడ్డున ఉండే మనుషులు డబ్బాలు మోసుకెళ్లి నింపిన నీళ్లతో, సముద్రం ఆ చివర జరిగిన ప్రమాదం జాడ ఈ చివర ఏ నెలలో, ఎంత మోతాదులో చేరిందో తేలింది. బ్లూఫిన్ ట్యూనా సంగతీ అంతే. 2011 ఆగస్టులో శాన్ డియేగో దగ్గర పట్టిన 15 చేపల్లోనూ సీజియం-134 దొరికింది. జపాన్ వైపు నుంచి పసిఫిక్ దాటి ఈదుకుంటూ మోసుకొచ్చాయి. రెండు సీజియాలూ కలిపి పొడి బరువులో కిలోకు సుమారు 10 బెకెరెల్. అవే చేపల్లో సహజ పొటాషియం దాదాపు 347. పొలోనియం నుంచి తినేవాళ్లకు తగిలే మోతాదు సీజియం కంటే వందల రెట్లు ఎక్కువ. శాస్త్రవేత్తలు ఇదంతా రాసినా పత్రికల్లో "రేడియోధార్మిక ట్యూనా" అన్న మాటే మిగిలింది.

ఇక "సముద్రం పెద్దది, కలిసిపోతుంది" అనే వాదన దగ్గరికి వద్దాం. దీని మీద నాకు కోపం ఎక్కువ. భయపడేవాళ్లు కనీసం సముద్రం గురించి బెంగపడుతున్నారు, వీళ్లు సముద్రాన్ని చెత్తకుండీగా చూసే పాత అలవాటుకు శాస్త్రం ముసుగు వేస్తున్నారు. 1946 నుంచి దశాబ్దాల పాటు దేశాలు డ్రమ్ముల్లో అణువ్యర్థాలు నింపి సముద్రంలో పడేసింది ఈ మాట చెప్పే. సోవియట్ యూనియన్ 1982లో కె-27 జలాంతర్గామిని రియాక్టర్లలో ఇంధనం ఉండగానే ఆర్కిటిక్‌లోని నొవాయా జెమ్ల్యా దీవుల పక్కన, బాగా లోతు తక్కువ నీటిలో ముంచేసింది. 1993లో గానీ అణువ్యర్థాలను సముద్రంలో పడేయడాన్ని పూర్తిగా నిషేధించలేదు.

సముద్రంలో కలవడం అంటే పాలల్లో చక్కెర కలవడం కాదు. 2011 జూన్ యాత్రలో ఎక్కువ సీజియం దొరికింది కేంద్రానికి అతి దగ్గర చోట కాదు, తీరం దగ్గర తిరుగుతున్న ఒక సుడిలో. దక్షిణాన కురోషియో ప్రవాహం గోడలా అడ్డుపడింది, దానికి ఆవల ఫుకుషిమా సీజియం కనిపించలేదు. అదే రోజుల్లో కొంత సీజియం తీరపు ఇసుకలోకి ఇంకి, ఇసుక రేణువులకు పట్టుకుంది. 2017లో వచ్చిన పరిశోధన ప్రకారం కేంద్రం నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న బీచ్‌ల కింద కూడా ఉప్పు, మంచినీళ్లు కలిసే చోట అది మిగిలి ఉంది, అలలు వచ్చిపోతుంటే మెల్లగా విడుదలవుతోంది. ఆ చోట వెతకాలని ఎవరికీ తోచకపోతే ఇప్పటికీ తెలిసేది కాదు.

ఐరిష్ సముద్రం ఇంకా పెద్ద పాఠం. ఇంగ్లండ్‌లో వాడేసిన అణు ఇంధనాన్ని శుద్ధి చేసే సెల్లాఫీల్డ్ కేంద్రం 1970లలో పైపు ద్వారా సముద్రంలోకి భారీగా సీజియం, ప్లూటోనియం వదిలింది. కలిసి పోతుందనుకున్నారు. సీజియంలో చాలా భాగం నిజంగానే ప్రవాహాలతో ఉత్తరానికి, నార్వే మీదుగా ఆర్కిటిక్ దాకా వెళ్లింది. దాని జాడ పట్టుకునే ఆ ప్రవాహాల వేగం లెక్కగట్టారు. ప్లూటోనియం మాత్రం ఆ కేంద్రం ఉన్న కంబ్రియా తీరం ముందున్న అడుగు బురదకు అంటుకుని అక్కడే ఉండిపోయింది. కేంద్రం విడుదలలను బాగా తగ్గించాక ఇప్పుడు ఐరిష్ సముద్రపు నీటిలో కనిపించే ప్లూటోనియానికి, సీజియానికి ప్రధాన వనరు ఆ పాత బురదే. పైపు దాదాపుగా కట్టేసినా అడుగు నుంచి వస్తూనే ఉంది. ప్లూటోనియం-239 అర్ధాయువు 24 వేల ఏళ్లు.

కొలిచేది ఎవరన్నది ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఒక మనిషి కథ చెప్తాను.

1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవి దగ్గర అమెరికా బ్రావో అనే హైడ్రోజన్ బాంబు పేల్చింది. అనుకున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువగా, 15 మెగాటన్నుల శక్తితో పేలింది. దూరంగా ట్యూనా వేటాడుతున్న జపాన్ పడవ దాయిగో ఫుకుర్యూ మారు మీద బూడిద కురిసింది. 23 మంది సిబ్బందీ జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ ఐకిచి కుబోయామా సెప్టెంబరులో చనిపోయాడు. జపాన్ రేవుల్లో వందల టన్నుల చేపలు పారేయాల్సి వచ్చింది. బాంబు పేల్చినవాళ్లు సముద్రం దాన్ని పలచన చేసేస్తుందనే చెప్పారు. జపాన్ ఆ మాట విని ఊరుకోకుండా షుంకొత్సు మారు అనే ఓడను బికినీ వైపు పంపింది. దీవికి చాలా దూరంలో కూడా నీటిలో, ప్లాంక్టన్ అనే నీటిలో తేలే సూక్ష్మజీవుల్లో, చేపల్లో రేడియోధార్మికత బయటపడింది.

టోక్యోలో యసువో మియాకే ప్రయోగశాలలో పనిచేసే కత్సుకో సరుహాషి అప్పటి నుంచి సముద్రపు నీటిలో సీజియం కొలిచే పనిలో పడింది. పసిఫిక్ పడమటి వైపు నీటిలో అమెరికా తీరంలో కంటే చాలా ఎక్కువ సీజియం ఉందని వాళ్ల ఫలితాలు చెప్పాయి. అమెరికా శాస్త్రవేత్తలు నమ్మలేదు, జపాన్ వాళ్ల కొలతలో తప్పుందన్నారు. అప్పుడు ఏం చేశారంటే, అందుకే ఈ కథ నాకు ఇంత ఇష్టం, వాదించుకోకుండా పోల్చి చూశారు. 1962లో సరుహాషి కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు వెళ్లింది. అక్కడ థియోడోర్ ఫోల్సమ్, ఆమె ఒకే నీటిని తమ తమ పద్ధతుల్లో కొలిచారు. నెలల తరబడి చేశారు. రెండు ఫలితాలూ దాదాపు ఒకటిగా వచ్చాయి. జపాన్ కొలతలు సరైనవేనని అక్కడ తేలింది. ప్రవాహాలు ఆ దుమ్మును సమానంగా పంచవని, పడమటి వైపు ఎక్కువగా పోగేశాయని ఒప్పుకోక తప్పలేదు. గాలిలో అణుపరీక్షలను నిషేధించే ఒప్పందం 1963లో వచ్చింది. ఈ ఒక్క కొలతే దాన్ని తెచ్చిందని నేను అనను, కానీ పరీక్షలు ఆపాలని అడిగేవాళ్ల చేతికి కాదనలేని అంకెలు ఇచ్చినవాళ్లలో ఆమె ముందుంటుంది.

బాంబు పేల్చిన దేశమే తన బాంబు గురించి చెప్పి ఉంటే ఇది బయటికి వచ్చేదా? నార్వే కూడా ఇదే చేసింది. 1994లో సెల్లాఫీల్డ్‌లో ఒక కొత్త శుద్ధి విభాగం మొదలయ్యాక టెక్నీషియం-99 అనే రేడియోధార్మిక పదార్థం విడుదల పెరిగింది. కొద్ది ఏళ్లలో నార్వే తీరంలోని నాచులో, పెద్ద రొయ్యల్లా ఉండే లాబ్‌స్టర్లలో అది కనిపించింది. మోతాదులు చిన్నవే. కానీ నార్వే తన నీటిని తానే కొలుచుకుంటుంది కాబట్టి అంకెలు పట్టుకుని ఏళ్ల తరబడి అడిగింది. చివరికి 2004 నాటికి శుద్ధి పద్ధతి మార్చి విడుదలను బాగా తగ్గించారు. అదే నార్వే, 1989లో 1,680 మీటర్ల లోతున మునిగిన సోవియట్ జలాంతర్గామి కొమ్సొమోలెట్స్ దగ్గర ఏళ్లుగా నీళ్లు తీస్తోంది. 2019లో రోబోను దించి ఒక గాలి గొట్టం నోటి దగ్గర నీరు తీస్తే లీటరుకు 100 బెకెరెల్ సీజియం దొరికింది, మామూలు కంటే లక్ష రెట్లు. ఆ ఒక్క అంకెతో ఎంత భయమైనా పెట్టొచ్చు. కానీ కొన్ని మీటర్లు పైన తీసిన నీటిలో కొలవదగినంత లేదని కూడా ఆ బృందమే చెప్పింది. రెండూ చెప్పారు కాబట్టే వాళ్ల మీద నాకు గురి.

ఫుకుషిమాలో కూడా ఇదే జరిగింది. 2012 అక్టోబరులో బ్యూసెలర్, జపాన్ ప్రభుత్వమే బయటపెట్టిన చేపల లెక్కలు తీసి చూశాడు. సీజియం చేప ఒంట్లోంచి తగ్గిపోవాలి, కానీ అడుగున తిరిగే చేపల్లో తగ్గడం లేదు. అంటే ఎక్కడి నుంచో ఇంకా వస్తూ ఉండాలని రాశాడు. 2013 జులైలో కేంద్రం నడిపే టెప్కో, కలుషితమైన భూగర్భ జలం సముద్రంలోకి కారుతోందని ఒప్పుకుంది. ప్రమాదం జరిగి రెండేళ్లు దాటాక! కంపెనీ కంటే ముందు చేపలే చెప్పాయి. ఆ చేపల అంకెలు బహిరంగంగా ఉండబట్టే ఎక్కడో కూర్చున్న మనిషి చదవగలిగాడు. ఆ లెక్కలు బయటపెట్టినందుకు జపాన్ మత్స్యశాఖను మెచ్చుకోవాలి.

ఇలా పదే పదే అడగడం, కొలవడం వల్ల జనంలో టెన్షన్ పెరుగుతుందని, మత్స్యకారుల పొట్ట కొడుతుందని ఒక అభ్యంతరం ఉంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ఫుకుషిమా మత్స్యకారులు రేడియేషన్ వల్ల పోగొట్టుకున్నది ఎంతో, అపనమ్మకం వల్ల పోగొట్టుకున్నది అంతకు తక్కువేం కాదు. 2012 ఏప్రిల్‌లో జపాన్ చేపల్లో సీజియం పరిమితిని కిలోకు 500 నుంచి 100 బెకెరెల్‌కు తగ్గించింది, ప్రపంచంలోకెల్లా గట్టి పరిమితుల్లో ఒకటి. అయినా కొనేవాళ్లు వెనకాడారు. ఎందుకంటే మొదట్లో చెప్పాల్సినవాళ్లు దాచారు. దాచినందువల్ల తర్వాత చెప్పిన నిజం కూడా అమ్ముడుపోలేదు. మత్స్యకారుడిని కాపాడేది మౌనం కాదు, ఎవరూ కాదనలేని కొలత. 2023 మేలో కేంద్రం రేవు లోపల పట్టిన ఒక నల్ల రాక్‌ఫిష్‌లో కిలోకు 18,000 బెకెరెల్ సీజియం వచ్చింది. రేవు నోటికి వలలు కట్టి ఆ చేపలు బయటికి పోకుండా చూస్తున్నారు. ఈ అంకె బయట పెట్టబట్టే, బయట సముద్రంలో పట్టిన చేపలు పరిమితి లోపల ఉన్నాయన్న మాటకు విలువ వచ్చింది.

ఇప్పుడు నడుస్తున్న విడుదల గురించి నా అభిప్రాయం చెప్తాను. 2023 ఆగస్టు 24న టెప్కో, దెబ్బతిన్న రియాక్టర్ల దగ్గర కలుషితమై ట్యాంకుల్లో నిల్వ ఉన్న నీటిని శుద్ధి చేసి, సముద్రం అడుగున కిలోమీటరు సొరంగం ద్వారా వదలడం మొదలుపెట్టింది. అప్పటికి వెయ్యికి పైగా ట్యాంకుల్లో 13 లక్షల టన్నులకు పైగా నీరుంది. ట్రిటియం నీటి అణువులోనే భాగం కాబట్టి శుద్ధిలో పోదు. దాన్ని సముద్రపు నీటితో లీటరుకు 1,500 బెకెరెల్ లోపుకు పలచన చేస్తారు, ఏడాదికి 22 లక్షల కోట్ల బెకెరెల్ మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన స్థాయి లీటరుకు 10,000. ఈ ట్రిటియం అంకెలు నన్ను భయపెట్టవు, దీని మీద గగ్గోలు పెట్టేవాళ్లతో నేను కలవను. నా బెంగ మిగతా వాటి మీద. 2018లో ట్యాంకుల్లో ఎక్కువ వాటిలో ట్రిటియం కాని పదార్థాలు కూడా పరిమితి దాటి ఉన్నాయని తెలిసింది. శుద్ధి అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో అది బయటపడింది. మళ్లీ శుద్ధి చేసి వదులుతామన్నారు, చేస్తున్నారు కూడా. కానీ ఒకసారి అలా జరిగాక ప్రతి ట్యాంకు లెక్కా బయటివాళ్లు చూడాలని అడగడం అతి కాదు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఈ విడుదలను పర్యవేక్షిస్తోంది. దానికి మొనాకోలో 1961 నుంచి సముద్ర ప్రయోగశాలలు ఉన్నాయి. ఒకే నమూనాను పంచి వేర్వేరు దేశాల ప్రయోగశాలలకు పంపి ఫలితాలు పోల్చడం వాళ్లకు అలవాటైన పని. సరుహాషి, ఫోల్సమ్ చేసినదే ఇప్పుడు పద్ధతిగా మారింది. చైనా మాత్రం విడుదల మొదలైన రోజే జపాన్ చేపలను ఆపేసింది. ఏడాది గడిచాక, 2024 సెప్టెంబరులో, ఆ సంస్థ ఆధ్వర్యంలో చైనా సహా ఇతర దేశాల నిపుణులు కూడా నమూనాలు తీసి తమ ప్రయోగశాలల్లో కొలుచుకునేలా ఒప్పందం కుదిరింది. ఇది 2023 ఆగస్టుకు ముందే జరిగి ఉండాల్సింది. విడుదలకు ముందు అందరి కళ్ల ముందూ తీసిన అంకెలు ఉంటే, తర్వాత వచ్చే ప్రతి అంకెనూ వాటితో పోల్చొచ్చు. ముందు కొలతే లేకపోతే తర్వాత ఎంత కొలిచినా సగం సమాధానమే వస్తుంది.

ఈ విడుదల దశాబ్దాల పాటు సాగుతుంది. ఇప్పటి కొలతలు ఎక్కువగా నీటి మీద, ట్రిటియం మీద ఉన్నాయి, ఎందుకంటే వార్తల్లో అడిగేది అదే. నేను అడిగేది అడుగు మట్టి గురించి. పైపు నోటి చుట్టూ, ప్రవాహం పోయే దిశలో, నాచులో, మట్టిలో, అడుగున తిరిగే చేపల ఎముకల్లో స్ట్రాన్షియం-90, కార్బన్-14, అయోడిన్-129 ఏటా కొలవాలి. నమూనాలు ఒకే చోట తీసి, కనీసం మూడు దేశాలు పంచుకోవాలి. కనిష్ఠ హద్దుతో సహా ప్రతి అంకెనూ ఎవరైనా దించుకునేలా పెట్టాలి. ఖర్చు టెప్కో భరించాలి, డబ్బు మాత్రం దాని చేతుల మీదుగా పోకూడదు. ముప్పై ఏళ్లకు సరిపడా నిధి ఇప్పుడే పక్కన పెట్టాలి, ఎందుకంటే ట్యాంకులు ఖాళీ అయ్యాక కూడా మట్టిని కొలుస్తూనే ఉండాలి, అప్పటికి ఈ వార్త ఎవరికీ గుర్తుండదు.